మా ఇంటి అల్లుడు ఏం పని చేస్తాడు

మా చెల్లెలి మొగుడు తెల్లవాడు. ఈ మాట చెప్పగానే ఎదుటివాళ్ళ మొహం వెలిగిపోతుంది. "ఇంకేం టీచరమ్మా, మీ పంట పండింది" అంటారు. వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఇంట్లో పంట పండి ఎన్నేళ్ళయిందో మా నాయనను అడిగితే చెప్తాడు. తెల్లవాడు అల్లుడైతే విమానాలెక్కి తిరుగుతామనుకుంటారు అందరూ. మేము తిరిగింది ఆఫీసుల చుట్టూ.

మాది శింగనమల దాటి లోపలికి పోయే ఊరు. అంత పెద్ద చెరువు పక్కన ఉందన్న పేరే గానీ దాని నీళ్ళు మా పొలం దాకా రావు. నాయన శెనక్కాయ వేస్తాడు, వాన ఎగ్గొడుతుంది, మళ్ళీ వేస్తాడు. అమ్మ పోయి చాలా కాలమైంది. మేమిద్దరం ఆడపిల్లలం. నేను ఊళ్ళోనే బడిపంతులమ్మను. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్ళతో నేను మాట్లాడను. చెల్లెలు బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, తమ ఆఫీసు పని మీద వచ్చిన ఈ అబ్బాయిని ఇష్టపడి రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్ళి చేసుకుంది. మంచివాడు. ఇది ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ మంచితనం తర్వాత దేనికీ పనికిరాలేదు.

చెల్లెలికి రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండుసార్లూ అతను తన దేశంలో, కంపెనీ పని మీద ఉన్నాడు. విషయం ఫోనులో విన్నాడు. మూడోసారి నెల తప్పగానే నేనే పోయి కారులో మెల్లగా ఇంటికి తెచ్చుకున్నాను. అనంతపురం డాక్టరమ్మ చూసి, "ఇంక ప్రయాణాలు కట్టిపెట్టు, కాన్పయ్యేదాకా మంచం దిగొద్దు" అని గట్టిగా చెప్పింది. వారం తిరక్కుండా అతనూ వచ్చాడు, చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ, చంకలో రెండు కంప్యూటర్ తెరలు పెట్టుకొని. వాకిట్లో చెప్పులు విప్పుతూనే, "ఈసారి పక్కనే ఉంటా వదినా. పాప పుట్టేటప్పుడు నేను ఈడనే ఉండాల" అన్నాడు. తెలుగు మా చెల్లెలు నేర్పింది. అచ్చం మా మాటే. బ్యాంకు మేనేజరును కూడా "ఏమప్పా" అని పిలిచేవాడు.

అతనిది భార్య తరఫున వచ్చిన వీసా. భార్యతో ఉండొచ్చు, ఉద్యోగం చేయకూడదు. గడువు దగ్గర పడితే పొడిగించమని అర్జీ పెట్టుకోవాలి, పోలీసులు ఇంటికొచ్చి విచారించుకుంటారు, పై ఆఫీసువాళ్ళు ముద్ర వేస్తారు. ఉద్యోగం చేయకూడదంటే ఇక్కడివాళ్ళ దగ్గర చేయకూడదని అతను అనుకున్నాడు. కంపెనీ వాళ్ళ దేశంలో ఉంది, జీతం వాళ్ళ దేశంలో పడుతుంది, ఇక్కడ కదిలేది తన వేళ్ళు మాత్రమే. నిజం చెప్పాలంటే నేనూ అట్లాగే అనుకున్నాను. మా మిద్దె మీద కూర్చొని ఎవరి పొట్ట కొడుతున్నాడని?

అమ్మ బతికున్నప్పుడు శెనక్కాయ మూటలు వేసుకున్న గది ఒకటి మిద్దె మీద ఉంది. అదే అతని ఆఫీసు. వాళ్ళ దేశంలో తెల్లవారితే మనకు ఎండ నడినెత్తికొస్తుంది. అప్పుడు మొదలుపెట్టేవాడు. ఆ గదిలో ఆ వేళకు గబ్బిలం కూడా ఉండదు. తడి తువ్వాలు నెత్తిన వేసుకొని, లుంగీ ఎగగట్టి, పైన మాత్రం కాలరు చొక్కా తొడుక్కొని తెరలో వాళ్ళ పెద్దసారుతో మాట్లాడేవాడు. కరెంటు పోతే నాయన పరుగెత్తుకొచ్చి ఇన్వర్టరు వైరు సరిచేసేవాడు. మధ్యమధ్యలో కిందికి దిగి చెల్లెలి మంచం పక్కన కూర్చొని కాళ్ళు ఒత్తి, మళ్ళీ ఎక్కేవాడు. సంగటి, ఊరిబిండి పచ్చడి తిని కారానికి మొహం ఎర్రగా చేసుకొని, "బాగుండాది మామా" అనేవాడు నాయనతో. నాయన ఆ మాటకు పొంగిపోయేవాడు.

కానీ ఊరు ఊరుకుంటుందా? మా వైపు మగపిల్లలు లేని ఇంట్లో అల్లుడిని తెచ్చి ఇంట్లోనే పెట్టుకుంటారు. ఇల్లటం అంటారు దాన్ని. ఇల్లటం వచ్చినవాడు మామ పొలంలో మామకంటే ముందు దిగాలి. దిగితే మర్యాద. దిగకుండా ఇంట్లో కూర్చుంటే వాడికంటే లోకువ ఊళ్ళో ఉండడు, వాడిని కూర్చోబెట్టి మేపే మామ అంతకంటే లోకువ. మా నాయన పొద్దున పాలకేంద్రానికి క్యాను తీసుకొని పోతే చాలు, అక్కడ బెంచీ మీది ముసలాయన అందుకునేవాడు. "ఏమప్పా, నీ ఇల్లటం అల్లుడు మడక పట్టి దున్నుతాడా, లేకుంటే మిద్దెక్కి కాకులు తోల్తాడా?" అందరూ నవ్వేవాళ్ళు. నాయన నవ్వేవాడు కాదు.

"వాడు చేసే పని మీకేం తెలుసురా" అనేవాడు. "వాడు కంపూటర్లో చేస్తాండాడు. మీ మూడు తరాల సేద్యం వాడికి మూడు నాళ్ళ పని."

"అట్లనా? మాకు కనపడల్యా మరి."

ఇంటికొచ్చి క్యాను ధడేల్మని పెట్టేవాడు. మా నాయన బోర్లు ఎండిన ఏడాది కూడా ఊరికే కూర్చోలేదు, తాడిపత్రికి పోయి బండల లారీలకు కాపలా ఉన్నాడు. మగవాడు పనిలేకుండా కూర్చున్నాడంటే వాడికి రోగమైనా ఉండాలి, సిగ్గైనా లేకుండా ఉండాలి, అదీ ఆయన లెక్క.

ఇంతలో అసలు గొడవ మొదలైంది. మా మరిదికి వాళ్ళ కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. ఆరు నెలలు దాటి ఇక్కడే ఉండి పని చేస్తే ఈ దేశంలో కంపెనీకి బ్రాంచి ఉన్నట్టు లెక్క కట్టి పన్ను వేయవచ్చట, కాబట్టి తిరిగి రావాలట. మా మిద్దె మీద బ్రాంచి! శెనక్కాయ మూటల గదిలో! నేను పడీపడీ నవ్వాను. అతను నవ్వలేదు. "నేను ఈడ ఉంటే ఈడ పన్ను కట్టాల వదినా. కట్టేస్తే వాళ్ళకు భయం పోతుంది. కడతా" అన్నాడు. అంత నిజాయితీపరుడిని నేను మా బడిలో కూడా చూడలేదు.

సెలవు పెట్టి అనంతపురంలో ఆడిటరు దగ్గరికి తీసుకుపోయాను. మా పక్క ఊరివాడే, నాకు తెలిసినవాడే. అంతా విన్నాడు. కళ్ళజోడు తీసి టేబుల్ మీద పెట్టాడు.

"సామీ, సగం ఏడాది దాటితే నువ్వు ఈడి మనిషివే, పన్ను కట్టాల్సిందే. అది కరెక్టే. కానీ కాగితంలో ఏం రాస్తావు? ఈడ కూచోని పని చేసి సంపాదించినా అని రాయాల. వీసా కాగితంలో ఏం రాసినావు? ఈడ ఏం పనీ చేయను అని. రెండూ నీ సంతకాలే."

"అయితే ఏది నిజం చెప్పాల?" అన్నాడు మా మరిది.

"నిజం అడుగుతావేందప్పా నన్ను" అని నా వైపు తిరిగాడు ఆడిటరు. "టీచరమ్మా, ఇట్లాంటి పనికి మనకాడ వీసానే లేదు. యాడనో కొన్ని దేశాల్లో పెట్టినారంట. ఈడ లేదు. కాన్పు అయ్యేదాకా గమ్మునుండండి. పన్ను సంగతి దాని టయానికి చూద్దాం. పోలీసాయన విచారణకొస్తే అల్లుడు ఏం పనీ చేయడు, దాచుకున్న దుడ్లతో బతుకుతాండాడు అని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు."

బయటికొచ్చి టవర్ క్లాక్ దగ్గర చెరుకురసం తాగాం. నాకు కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఒక రూలు పని చేశానని చెప్పమంటుంది, ఇంకొకటి పని చేయలేదని చెప్పమంటుంది. రెండూ ఒకే ప్రభుత్వానివి, కాగితాల పైన ఉన్న సింహాలు కూడా అవే. ఇంత చదువు చదివి పిల్లలకు నిజం చెప్పండి అని పాఠం చెప్పే నేను, ఆ సాయంత్రం నాయనను కూర్చోబెట్టి అబద్ధం నేర్పించాను.

"నాయనా, వీసా పొడిగించమని అర్జీ పెట్టాం కదా, విచారణకు పోలీసాయన వస్తాడు. అల్లుడు ఏం చేస్తాడంటే, ఏం చేయడు, ఊరికే ఉండాడు అని చెప్పు."

నాయన నన్ను ఎగాదిగా చూశాడు. "నా అల్లుడు సోంబేరి అని నా నోటితోనే చెప్పాల్నా?"

"సోంబేరి అని ఎవరన్నారు? పని చేయడు అని చెప్పు, చాలు."

"రెండూ ఒకటే కదమ్మే."

"నాయనా, పాప పుట్టేదాకా ఓర్చుకో. నీకు దండం పెడతా." మంచం మీద నుంచి చెల్లెలు కూడా, "నాయనా, నా కోసం" అంది. ఆయన తువ్వాలు భుజాన వేసుకొని బయటికి పోయాడు. ఒప్పుకున్నాడనే అనుకున్నాం.

విచారణకు స్టేషను నుంచి జమాదారు, అదే హెడ్ కానిస్టేబులు, వచ్చిన పొద్దున నేను బడిలో ఉన్నాను. జరిగింది తర్వాత పదిమంది పది రకాలుగా చెప్పారు గానీ మొత్తం మీద ఒక్కటే. అతను నేరుగా మా ఇంటికి రాలేదు, పాలకేంద్రం దగ్గర బండి ఆపి దారి అడిగాడు. నాయన అక్కడే ఉన్నాడు. బెంచీ మీది ముసలాయనా ఉన్నాడు. ఊరి మగవాళ్ళంతా పాలు పోసి నిలబడి ఉన్నారు. "పెద్దాయనా, నీ అల్లుడు తెల్లాయన ఉండాడంట కదా, ఏం పని చేస్తాడు?" అని అందరి ముందూ అడిగాడు జమాదారు.

మా దగ్గర కొత్త మనిషి ఊళ్ళోకొచ్చి ఒక ఇంటి గురించి వాకబు చేస్తే దానికొక పద్ధతి ఉంది. పెళ్ళి సంబంధానికి వచ్చినవాళ్ళకు చెప్పినట్టు చెప్పాలి. కష్టపడతాడు, సంపాదిస్తాడు, ఏ చెడ్డ అలవాటూ లేదు అని. అడిగేవాడు పోలీసైతే మరీ గట్టిగా చెప్పాలి. ముసలాయన ముందే నోరు తెరిచి, "ఏముంది సార్, కాకులు తోల్తాడు" అన్నాడట. అంతే, నాయన క్యాను కింద పెట్టేశాడు.

"ఎవడ్రా కాకులు తోలేది? సార్, మా అల్లుడు మద్యాన్నం కూచుంటే పొద్దు మునిగినా లెయ్యడు. అంత పని చేస్తాడు. ఫారిన్ కంపెనీ. నీ ఎస్సై జీతం కంటే ఎక్కువే వస్తాది. మామ సొమ్ము ఒక్క రూపాయి తినలేదు. రాండి, చూపిస్తా" అని జమాదారును మా ఇంటికి తీసుకొచ్చి, మిద్దె ఎక్కించి, రెండు తెరలు చూపించి, ఇన్వర్టరు చూపించి, కాఫీ ఇచ్చి పంపాడు. అల్లుడు ఆ వేళకు చెల్లెలి మందుల కోసం నార్పలకు పోయి ఉన్నాడు. మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో కాలు మీద కాలేసుకొని కూర్చొని ఉన్నాడు. అమ్మ పోయాక ఆయనను అంత సంతోషంగా నేను చూడలేదు.

"ఊరి నోరు మూయించినా" అన్నాడు.

అరిచాను. ఏమేం అరిచానో ఇప్పుడు చెప్పలేను, నాయనను ఎప్పుడూ అనని మాటలన్నీ అన్నాను. ఆయనకు మెల్లగా అర్థమైంది. కాలు మీది కాలు తీసి కింద పెట్టాడు. "నిజమే కదా చెప్పింది" అన్నాడు చిన్నగా. లోపల చెల్లెలు ఏడుస్తోంది. ఆ ఏడుపు వినపడి నేను నోరు మూసుకున్నాను.

జిల్లా ఆఫీసులో విదేశీయుల సంగతులు చూసే అధికారి మర్యాదస్థుడే. మమ్మల్ని కూర్చోమన్నాడు, నీళ్ళు ఇప్పించాడు. విచారణ కాగితంలో జమాదారు విన్నది విన్నట్టు, చూసింది చూసినట్టు రాశాడు. తప్పు రాయలేదు.

"ఉద్యోగం మానేస్తా సార్. ఇప్పుడే మానేస్తా" అన్నాడు మా మరిది. ఆ దేశం కాని దేశంలో, మా అధికారి ముందు, మా యాసలో అట్లా బతిమాలాడు.

"మానేసినా ఇన్నాళ్ళు చేసింది చేసినట్టే కదా బాబూ."

"సార్, నా చెల్లెలికి ఏడో నెల. మంచం దిగకూడదు. కాన్పు దాకా ఉండనీయండి" అన్నాను.

"నా చేతిలో ఉంటే ఉండమనేవాణ్ణమ్మా. ఇట్లాంటి పని గురించి రూల్లో ఒప్పు అని లేదు, తప్పు అని కూడా లేదు. ఏమీ లేనిచోట ఎవరూ సరే అని రాయరు. పై ఆఫీసుకు పంపుతా."

పై ఆఫీసు రాసింది. పొడిగించడం కుదరదు, దేశం విడిచి పోవాలి. డాక్టరమ్మ ఇచ్చిన సర్టిఫికెట్టు జతచేసి మళ్ళీ అర్జీ పెట్టాం. అదే జవాబు, అవే మాటలు, తేదీ మాత్రం మారింది.

పోయే రోజు కారు వాకిట్లోకి వచ్చింది. చెల్లెలు లేచి వస్తానంది, నేను పట్టుకొని పడుకోబెట్టాను. అతను మంచం పక్కన నేల మీద కూర్చొని ఆమె కడుపు మీద చెయ్యి పెట్టి వాళ్ళ భాషలో ఏదో చెప్పాడు. బిడ్డకే చెప్పినట్టున్నాడు. నాయన ఇంట్లో లేడు. పొద్దున్నే చేనికి పోయాడు. చేనిలో ఏమీ లేదు, ఆ ఏడు విత్తనమే వేయలేదు. "మామ యాడ?" అని అడిగాడు అతను కారెక్కుతూ. "వస్తాడులే" అన్నాను. కారు చేను పక్క నుంచే పోవాలి. గట్టు దగ్గర ఆపించి, దిగి, "మామా! మామా!" అని పిలిచాడట. నాయన వెనక్కి తిరగలేదని డ్రైవరు తర్వాత చెప్పాడు.

పాప పుట్టింది. బతికింది. దానికి దేవుడికి దండం పెట్టుకోవాలి గానీ నాకు ఆ రోజు ఎవరికీ దండం పెట్టబుద్ధి కాలేదు. ఆపరేషన్ గది బయట నేను ఫోను పట్టుకొని నిలబడ్డాను. నర్సు పాపను తెచ్చేసరికి సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి తెరలో అతను మొహం రెండు చేతుల్లో దాచుకొని ఉన్నాడు. మూడోసారి కూడా ఫోనులోనే తెలిసింది అతనికి. ఈసారి మంచి వార్త, అంతే తేడా.

మరి నువ్వే పోవచ్చు కదా అంటారు అందరూ చెల్లెలిని. అడిగే నోరు ఊరుకోదు కదా. అతని దేశంవాళ్ళు అడ్డం పెట్టారు. భార్యను తెచ్చుకోవాలంటే అతను నిరుడంతా అక్కడే ఉండి, అక్కడే పన్ను కట్టి ఉండాలట. నిరుడు సగం ఏడాదికి పైగా మా మిద్దె మీద ఉన్నాడు. పైగా కంపెనీ పని ఇప్పుడు సగమే ఇస్తోంది, ఆ జీతం చాలదట భార్యాబిడ్డలను చూపించడానికి. అక్కడ ఉండలేదు కాబట్టి అక్కడికి పిలుచుకోలేడు, ఇక్కడ పని చేశాడు కాబట్టి ఇక్కడికి రాలేడు. నేను పలక మీద గీసి పిల్లలకు చెప్పినట్టు చెల్లెలికి చెప్పబోయాను ఒకసారి. "చాల్లే అక్కా, నాకు అర్థమయింది" అంది. ఈ మధ్య ఆమె ఎక్కువ మాట్లాడదు.

అయినా అతను మళ్ళీ కొత్తగా ఇక్కడికి వీసా అర్జీ పెట్టాడు. విచారణకు మళ్ళీ మనిషి వస్తాడని ఆడిటరు చెప్పాడు. నాయన విన్నాడు.

మొన్న జమాదారు వచ్చాడు, మునుపటి మనిషే. బడి లేని రోజు. పాపకు పాల కోసమని దాన్ని చంకనేసుకొని నేనూ పాలకేంద్రం దగ్గరే ఉన్నాను. బండి చప్పుడు వినగానే నాయన లేచి నిలబడ్డాడు. జమాదారు బండి దిగి స్టాండు వేసేలోపే, భుజం మీది తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

"సార్, మా అల్లుడు ఏం పనీ చేయడు" అన్నాడు, అందరికీ వినపడేట్టు. "అప్పుడు నేను చెప్పిందంతా అబద్ధం. సోంబేరి సార్ వాడు. పొద్దెక్కిందాకా పండుకుంటాడు, లేచి నా సంగటి తింటాడు, మళ్ళా పండుకుంటాడు. ఆ డబ్బాలు సినిమాలు చూసేదానికి పెట్టుకున్నాడు. ఇల్లటం తెచ్చుకోని కూర్చోబెట్టి మేపుతాండా. ఊరంతా ఎరుగుదురు, అడుగు సార్."

ఎవరూ నవ్వలేదు. బెంచీ మీది ముసలాయన కర్ర పట్టుకొని లేచాడు. "అవును సార్. వాడు పని చేయంగ మేం యానాడూ చూళ్లేదు. మిద్దెక్కి కాకులు తోలేవాడు, అంతే" అన్నాడు. పాలు పోస్తున్నవాళ్ళు కూడా, అవును సార్, అవును సార్, అన్నారు. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా ఊరివాళ్ళు మా కోసం ఆడిన మొదటి అబద్ధం అది.

జమాదారు టోపీ తీసి బండి మీద పెట్టాడు. నా వైపు, పాప వైపు చూశాడు.

"పెద్దాయనా, నేను అడిగేదానికి రాలేదు. కొత్త అర్జీ గూడా కొట్టేసినారు. ఆ సంగతి ఇంటి యజమానికి చెప్పి సంతకం తీసుకోమన్నారు. అంతే."

నాయన కాగితం తీసుకున్నాడు. క్యాను మూత మీద పెట్టి, చెప్పినచోట సంతకం పెట్టాడు. పెన్ను జమాదారు చేతిలో పెట్టి, ఆ చెయ్యి వదలకుండా పట్టుకున్నాడు.

"సార్, ఇంగో మాట గూడా రాసుకోండి. మా అల్లుడు ఏం పనీ చేయడు."

"రాసేదానికి ఏం లేదు పెద్దాయనా."

"రాసుకోండి సార్" అన్నాడు నాయన.